ఎడమ కాలి కొలత

ఫిబ్రవరి 4, ఆదివారం

ఇవాళ నా చెయ్యి ఊరుకోవడం లేదు. ఎక్కడో ఒకచోట రాయకపోతే ఊపిరాడేట్టు లేదు. కాగితాల కోసం వెతికితే నా కొలతల పుస్తకమే దొరికింది. ముందు పేజీల నిండా ఊళ్ళోవాళ్ళ పాదాలు. వెనక పేజీలు ఖాళీ. అటునుంచి మొదలుపెట్టాను.

పొద్దున పొడుగాయన వచ్చాడు. మావాడితో సైన్యంలో పనిచేసినవాడు, ఒకే గుడారంలో పడుకున్నవాడు. మా గుమ్మం దగ్గర తల వంచకుండా ఎప్పుడూ రాడు, వంచినా నుదురు కొట్టుకోకుండా ఎప్పుడూ పోడు. ఇవాళా కొట్టుకున్నాడు. రుద్దుకుంటూనే చెప్పేశాడు. కొండమీద, దారి రెండుగా చీలేచోట, నడిచేవాళ్ళు కాసేపు ఆగడానికి రాతిగది కట్టారట. దానికి మావాడి పేరు పెడుతున్నారట! మావాడి పేరు! గుమ్మం పైన రాయిమీద చెక్కేశారట కూడా. ఇరవై అయిదో తారీకు ఆదివారం తెరుస్తారట.

"మీరు రావాలి బాబాయ్. వాడి గురించి ఓ అయిదు నిమిషాలు మాట్లాడాలి. వాడి కొండ బూట్లు కూడా తేవాలి. లోపల గోడకి చిన్న గట్టు కట్టించాం, దానిమీద పెడతాం."

మా ఆవిడ వంటింట్లోంచే అందుకుంది. "అయిదు నిమిషాలా? ఆయన గొంతు సవరించుకోడానికే చాలవు నాయనా."

పొడుగాయన ఇంకో సంగతి చెప్పాడు. సైన్యంలో వాణ్ణి అందరూ మేక అని పిలిచేవారట. వీళ్ళు తాడు విప్పేలోపే వాడు పైన నుంచుని ఉండేవాడట.

"మేకా? నేను కన్నది మేకనా?" అంది మా ఆవిడ. "అయ్యుంటుందిలే. చిన్నప్పుడు తువ్వాలు అంచులు నమిలేవాడు."

ముగ్గురం నవ్వాం. నవ్వి నవ్వి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. సంతోషం. నూటికి నూరుపాళ్ళు సంతోషం. వాడు పోయి వచ్చే నెలకి రెండేళ్ళు. రక్తంలో ఏదో జబ్బన్నారు, మూడు నెలల్లో అంతా అయిపోయింది. నలభై రెండు నిండలేదు. ఇంక వాడి గురించి నాకు ఎవరూ ఏ మంచి కబురూ తేరనుకున్నాను. తెచ్చాడు చూడండి! రాతిమీద పేరంటే మాటలా? నాకుగానీ, మా నాన్నకిగానీ తలుపుమీద సుద్దముక్కతో రాసిన పేరైనా లేదు.

ఫిబ్రవరి 5, సోమవారం

బూట్లు దించాను. వెనకగదిలో వాడి మేకుకి, గుడారం సంచీ పక్కన, రెండేళ్ళుగా వేలాడుతున్నాయి. దుమ్ము పట్టినా ఏం బూట్లండీ! నా చేతిపనేగా, చెప్పుకుంటే తప్పేంటి? చీలమండ దాటే ఎత్తు, మైనం దారంతో రెండు వరసల కుట్టు. పదకొండేళ్ళు రాళ్ళమీద, వాగుల్లో నడిచాయి. ఒక్క కుట్టు ఊడలేదు. సోలు మాత్రం ఆరుసార్లు మార్చాను.

వాడు సైన్యం నుంచి వచ్చేసినప్పుడు కుట్టిన జత ఇది. కాగితం పరిచి, పాదం పెట్టరా, మళ్ళీ కొలుస్తానంటే, "నీ దగ్గర నా అచ్చు ఉందిగా నాన్నా, కొత్తగా కొలవడానికేముంది?" అన్నాడు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో. నిజమే, వాడికి పద్దెనిమిదేళ్ళప్పుడు సైన్యంలోకి వెళ్ళేముందు నేనే కొయ్యతో చెక్కుకున్న అచ్చు. ఒక జత పాదాలు. వాడిదీ నాదీ ఒకటే సైజు, వెంట్రుకవాసి తేడా లేదు. అందుకే కుడుతూ కుడుతూ నేనే తొడుక్కుని చూసుకునేవాణ్ణి. కుట్టి ఇచ్చాక వాడు వేసుకుని కొట్లో అటూ ఇటూ నడిచి, "కాలితో పుట్టినట్టున్నాయి నాన్నా" అన్నాడు. ఆ మాట అయిదు నిమిషాల్లో తప్పకుండా చెప్పాలి.

ఎడమ సోలు ఎప్పుడూ లోపలివైపే అరిగేది. బయటివైపు ముందుభాగం కొత్తదానిలా ఉండేది. తుపాకీ మోసే నడక అలా ఉంటుంది, అలవాటైపోయింటుంది. సోలు చూసి మనిషి నడక చెప్పేస్తాను నేను.

రుద్దడానికి పసుపు గుడ్డ ఒక్కటీ కనబడలేదు. ఆ మెత్తటి గుడ్డలకి నా కొట్లో ఎప్పుడూ కరువే. ఓ రోజుల్లో అయితే నెలకోటి మాయమయ్యేది. ఎలకలు పట్టుకుపోతున్నాయని బోను కూడా పెట్టాను. ఒక్క ఎలకా పడలేదు.

ఫిబ్రవరి 6, మంగళవారం

బూట్లు ముట్టుకోలేదు. పనుంది.

ఫిబ్రవరి 8, గురువారం

ఏం మాట్లాడాలో రాసుకున్నాను. మధ్యాహ్నం భోజనమయ్యాక మా ఆవిణ్ణి కూచోబెట్టి చదివాను.

"సభకి నమస్కారం. నేను బూట్లు కుట్టేవాణ్ణి. చదివింది ఏడో తరగతి. నా కొడుకు సైన్యంలో పన్నెండేళ్ళు చేశాడు. మంచు కొండల్లో కాపలా కాశాడు. తిరిగొచ్చి వారమంతా పార్సిలు వ్యాను నడిపేవాడు, ఆదివారం కొండెక్కేవాడు. నాలుగు గోడల మధ్య వాడికి నిద్ర పట్టేది కాదు. పెరట్లో గుడారం వేసుకుని పడుకునేవాడు. మీరంతా నడిచే దారి పొదలు కొట్టి వేసింది వాడే, రాళ్ళమీద తెల్లబాణాలు గీసింది వాడే. వాణ్ణి ఆ దారులన్నీ నడిపించింది నేను కుట్టిన బూట్లు. నలభైఆరేళ్ళ పనిలో నా కొలత ఒక్కసారి తప్పలేదు. నా కొడుకు పాదం నాకు తెలిసినట్టు ఈ లోకంలో ఎవరికీ తెలీదు."

ప్రతిదానికీ ఏదో ఒకటి అనే మనిషి మా ఆవిడ. మంచంమీద దుప్పటి మడిచింది. మడిచిన దుప్పటి విప్పి మళ్ళీ మడిచింది.

"ఎలా ఉందే?"

"కొలత సంగతి తీసెయ్యండి. మిగతాది బాగుంది."

"అదే కదా అసలు సంగతి!"

"అయితే మీ ఇష్టం."

అసూయేమో. కన్నది తను, కొలిచింది నేను.

ఇంకా చాలా ఉన్నాయి చెప్పడానికి. అయిదు నిమిషాలు ఎక్కడ సరిపోతాయి? చెట్టుమీద పిట్ట కూత వింటే అన్నం పళ్ళెం వదిలి లేచిపోయేవాడు. వానొస్తే జనం లోపలికొస్తారు, వాడు బయటికెళ్ళేవాడు. ఎంత ఎండాకాలమైనా ఇంట్లో సాక్సు విప్పేవాడు కాదు, అది సైన్యం క్రమశిక్షణ. ఆసుపత్రిలో కూడా సాక్సే. రోజూ మధ్యాహ్నం కాళ్ళు పట్టేవాణ్ణి. "కుడికాలు తెగ లాగుతోంది నాన్నా, అదే పట్టు" అనేవాడు. గంటసేపు పట్టేవాణ్ణి. నా చేతుల్లో ఆ కాలు ఇప్పటికీ ఉంది.

ఫిబ్రవరి 11, ఆదివారం

ఆదివారం.

ప్రతి శనివారం సాయంత్రం కొట్టు మూసే వేళకి వ్యాను ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి అడిగేవాడు. "రేపు రా నాన్నా. ఒక్కసారి పైకి రా. మెల్లగా తీసుకెళ్తా." నాకేమో పని. మోకాలొకటి. వచ్చే వారం చూద్దాంలేరా అనేవాణ్ణి. సరే నాన్నా అనేవాడు. మళ్ళీ శనివారం అడిగేవాడు. విసుగనేది లేదు వాడికి.

పదకొండేళ్ళంటే ఎన్ని శనివారాలో.

పని ఉండేది నాకు.

ఫిబ్రవరి 13, మంగళవారం

ఇవాళ సోలు విప్పాను. అందరూ చూసేచోట పెడతారు కదా, లోపలా బయటా కొత్తదానిలా చేద్దామనుకున్నాను. ఇన్నిసార్లు సోలు మార్చాను గానీ లోపలి అట్ట ఎప్పుడూ ముట్టుకోలేదు. "లోపల ఉన్ని అట్ట నేను అంటించుకున్నా నాన్నా, కిందది మారిస్తే చాలు" అని ఇచ్చేవాడు. సోలు వేశాక బూటుని అచ్చుమీదికి ఎక్కించి చూసుకునేవాణ్ణి. సరిగ్గా కూచునేది.

కూచోదూ మరి? అచ్చు మీద కుట్టిన బూటు అచ్చుకి సరిపోతుంది.

ఎడమ బూటులో చెయ్యి పెట్టాను. ముందు, బయటివైపు, ఏదో మెత్తగా తగిలింది. లాగాను. రాలేదు. రెండు వేళ్ళతో పట్టి లాగితే వచ్చింది. పసుపు గుడ్డ. నా కొట్లో గుడ్డ. నాలుగు మడతలు వేసి, చుట్టి, దారంతో కుట్టి ఉంది. రెండు కాలివేళ్ళంత ఉంది.

ఉన్ని అట్ట పీకాను. కింద తోలుమీద పాదం గుర్తు నల్లగా పడి ఉంది. పదకొండేళ్ళ చెమట. మడమ గుంట. ముందు బొటనవేలు. దాని పక్కది. నడిమిది.

అంతే.

అక్కడితో ఆగిపోయింది. మిగతా తోలు తెల్లగా ఉంది, నేను వేసిన రోజు ఎలా ఉందో అలాగే.

ఫిబ్రవరి 14, బుధవారం

కొట్టు తెరవలేదు.

ఫిబ్రవరి 15, గురువారం

మా ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది. పీటముందు ఆ గుడ్డ పెట్టాను. కత్తి ఆగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మంచు కొండల నుంచి మొదటిసారి సెలవుకి వచ్చాడే, అప్పట్నుంచి. మధ్యాహ్నం నిద్రలో సాక్సు జారింది. మంచుకి నల్లబడిపోతే రెండు వేళ్ళూ తీసేశారట. చిటికెన వేలూ, దాని పక్కదీ."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఒట్టు పెట్టించుకున్నాడు."

"నామీద దాపరికమా? అయినా ఎందుకూ?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయల వల్లేనేమో. "మీరు మర్చిపోయారు, నేను మర్చిపోలేదు. వాడు మొదటిసారి బండెక్కేటప్పుడు స్టేషన్లో ఏమన్నారు మీరు? 'తల ఎక్కడన్నా పెట్టుకో, నా కొడుకు కాళ్ళు మాత్రం ఎలా తీసుకెళ్తున్నావో అలా తిరిగి తెచ్చివ్వరా' అన్నారు. చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు."

"సరదాకి అన్నాను."

"వాడూ సరదాగానే విన్నాడు. సెలవుకొచ్చి నాతో ఏమన్నాడో తెలుసా? 'తెలిస్తే నాన్నకి ఆ అచ్చు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఈ వేళ్ళే గుర్తొస్తాయమ్మా. కనీసం అదైనా పూర్తిగా ఉండనీ' అన్నాడు. ఇంక నేనేం చెప్పను మీకు?"

నేను లేచి వచ్చేశాను.

దీనికి తెలుసు. పొడుగాయనకి తెలిసే ఉంటుంది. ఆసుపత్రిలో నర్సులకి తెలుసు. ఆఖరి స్నానం చేయించినవాళ్ళకి తెలుసు, నేను అటు చూడలేక బయట నుంచున్నాను. లోకమంతటికీ తెలుసు. పాదాల పని చేసుకుని బతికేవాడికి ఒక్కడికే తెలీదు. కుడికాలే ఇచ్చేవాడు. ఎప్పుడూ కుడికాలే. నేను ఒక్కరోజైనా రెండోది కూడా ఇటివ్వరా అని ఎందుకు అనలేదు?

సోలు చూసి నడక చెప్పేస్తానట.

ఫిబ్రవరి 16, శుక్రవారం

పొడుగాయనకి కబురు పెట్టాను, నేను రానని. గంటలో వచ్చాడు. గుమ్మానికి నుదురు కొట్టుకున్నాడు. ఈసారి రుద్దుకోలేదు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావ్? నా కొలత తప్పలేదని నలుగురిలో చెప్పనా?" గుడ్డ చూపించాను.

దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఈ మడత నాదే. మొదట్లో ఊలు కూరేవాళ్ళం. తడిస్తే బరువెక్కేది. తర్వాత వాడే మీ కొట్లోంచి ఈ గుడ్డలు తెచ్చాడు. నెలకోటి మార్చాల్సొచ్చేది. మీరు ఎలకలబోను పెట్టినప్పుడు వాడు నవ్విన నవ్వు బాబాయ్, ఆ రోజు కొండమీద పిట్టలన్నీ లేచిపోయాయి."

"నొప్పెట్టేదా?"

తప్పించుకుంటాడనుకున్నాను. తప్పించుకోలేదు. "ఎక్కేటప్పుడు లేదు. దిగేటప్పుడు పెట్టేది."

"మరి వేరే జత కొనుక్కోవచ్చుగా, వెధవ."

"నేనే కొనిచ్చాను. పెట్టె కూడా విప్పలేదు. ఏమన్నాడో చెప్పమంటారా?"

"చెప్పు."

"'ఇవి వేసుకుంటే మా నాన్న నాతో వచ్చినట్టే ఉంటుందిరా. ఆయన ఎలాగూ రాడు' అన్నాడు."

మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. ఎవరం తాగలేదు.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఈ పుస్తకం ఎవరూ చదవరు. నిజం రాస్తే ఏం పోతుంది?

ఆదివారం నాకు పని ఉండేది కాదు. ఆదివారం నా కొట్టు మూతే, నలభైఆరేళ్ళుగా మూతే. కుర్చీలో కూచుని కాళ్ళు చాపుకునేవాణ్ణి. వాడు సైన్యం నుంచి వచ్చాక నా పక్కన పీట వేసుకుని కూచుంటాడనుకున్నాను. పీట చేయించాను కూడా, కొత్తది. "కూచుని చేసే పని నావల్ల కాదు నాన్నా" అన్నాడు. కోపంగా కాదు, మెల్లగానే అన్నాడు. నాకు ఆ కొండమీద కోపం వచ్చింది. కొండమీద! రాయీ రప్పా మీద! నా కొడుకుని నా పక్కన కూచోనివ్వకుండా లాక్కుపోయిందని. అది చూడ్డానికి నేను రావాలా, రాను పో అనుకున్నాను. పదకొండేళ్ళు అనుకున్నాను.

రాసేశాను. అంతే.

మధ్యాహ్నం కొట్టు తెరిచాను. ఆదివారం నా కొట్టు తలుపు తెరవడం ఇదే మొదలు. ఎడమ బూటు లోపలి తోలు పూర్తిగా పీకి, వెల్తురులో పెట్టాను. కాగితం పరిచి, ఆ నల్లటి గుర్తు చుట్టూ పెన్సిలు తిప్పాను. మడమ దగ్గర మొదలుపెట్టి, లోపలి పక్కనించి బొటనవేలి చుట్టూ తిరిగి, రెండోవేలు, మూడోవేలు. అక్కడినుంచి పెన్సిలు లోపలికి వంగింది. గుడ్డ కుచ్చుని ఆ ఖాళీలో పెట్టి చూశాను. సరిపోయింది.

ఎవరి పాదమైనా కొలిచేటప్పుడు రెండో చెయ్యి చీలమండ మీద వేసి అదిమి పడతాను, కదలకుండా. ఇవాళ కూడా ఆ చెయ్యి దానంతట అదే వెళ్ళింది. కాగితం మీద, అక్కడ ఏమీ లేనిచోట, వేసి పట్టుకుంది.

కాసేపు తియ్యలేదు.

ఫిబ్రవరి 19, సోమవారం

అచ్చు ముందు కూచున్నాను. ఎడమది. చిటికెనవేలు చెక్కడానికి అప్పట్లో నాకు రెండు రోజులు పట్టింది. ఉలి ఆనించాను. తీశాను. ఆనించాను.

మా ఆవిడ వచ్చి నా పీట పక్కన రెండో పీట మీద కూచుంది. వాడి కోసం చేయించింది. దానిమీద ఇంతవరకూ ఎవరూ కూచోలేదు.

"నేను పట్టుకోనా?" అంది.

"అటుపక్క పట్టుకో. గట్టిగా."

చెక్కేశాను. ఆకురాయి పెట్టి నునుపు చేశాను. ఆవిడ రెండు వేళ్ళతో ఆ చోటు తడిమి చూసింది. "ఇలాగే ఉండేది" అంది.

పుస్తకం ముందుకు తిప్పి వాడి పేజీ తీశాను. పద్దెనిమిదేళ్ళ కుర్రాడి పాదాలు. పక్కన నా రాత. "కుడి: పదిన్నర. ఎడమ: కుడికి సమానం. వేళ్ళు పొడుగు." ఎడమ గీతమీద ఒక్క గీత కొట్టి, కింద రాశాను.

"ఎడమ: పొడవు అదే. వేళ్ళ దగ్గర వెడల్పు అంగుళం తక్కువ. వేళ్ళు మూడు. మళ్ళీ కొలిచాను."

ఫిబ్రవరి 22, గురువారం

పైతోలు అయింది. మైనం దారం. వేళ్ళు పుళ్ళయ్యాయి. ఎంత హాయిగా ఉందో!

ఫిబ్రవరి 24, శనివారం

అయిపోయాయి. ఆరు రోజుల్లో జత కుట్టడం నా జన్మలో లేదు. ఎడమ బూటు ముందు కొంచెం సన్నగా, వంకరగా ఉంది. ఎవరైనా చూస్తే, ఈ ముసలాడికి చెయ్యి వణికిందనుకుంటారు. అనుకోనీ.

పాతవాటికి లోపలి తోలు మళ్ళీ అంటించి, కొత్త సోలు వేశాను. గుడ్డ తిరిగి పెట్టలేదు. చొక్కా జేబులో వేసుకున్నాను.

సాయంత్రం కొట్టు మూస్తుంటే వీధిలో ఏదో వ్యాను ఆగిన చప్పుడైంది. తలెత్తి చూశాను. ఎవరో.

ఫిబ్రవరి 25, ఆదివారం

అబ్బబ్బ, ఎక్కడ మొదలుపెట్టను!

"వాడు పదకొండేళ్ళు రమ్మంది మిమ్మల్ని, మీరే వెళ్ళిరండి" అని మా ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. అడవి దారిన జీపు వస్తుంది, ఎక్కి కూచోండి అన్నారు. నడుస్తానన్నాను. ఫారెస్టు గార్డు అమ్మాయి, చూస్తే పాతికేళ్ళుండవు, నన్ను పైనుంచి కిందదాకా చూసింది. "తాతగారూ, రెండున్నర గంటల ఎక్కుడు. మధ్యలో మోకాలు మొరాయిస్తే మోసుకెళ్ళడం నావల్ల కాదు."

"నావల్ల అవుతుంది" అన్నాడు పొడుగాయన.

"మిమ్మల్ని మొయ్యమంటే ఎవరు మోస్తారు?" అని ఆ పిల్ల నా చేతికి కర్ర ఇచ్చింది.

వాడి పాత బూట్లు వేసుకున్నాను నేను. ఒకటే సైజు కదా. నాకు దారి తెలీదుగానీ వాటికి తెలుసు. కొత్త జత సంచిలో పెట్టి భుజానికి తగిలించుకున్నాను, ఎవరికీ ఇవ్వలేదు.

రాళ్ళమీద తెల్లబాణాలు. వాడి చెయ్యి. కొన్ని మరీ కిందికి గీశాడు, మోకాలి ఎత్తుకి. ఎందుకలాగని అడిగితే, అలిసిపోయి తల దించుకుని నడిచేవాళ్ళకి కనబడాలని చెప్పేవాడట.

గంటన్నర నడిచాక నా పనైపోయింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మలుపు తిరిగితే అక్కడో బల్లపరుపు రాయి, నీడలో, వెనక ఆనుకోడానికి ఇంకో రాయి. కుర్చీ వేసినట్టుంది. కూలబడ్డాను.

పొడుగాయన, ఆ పిల్ల ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"ఏంటి? కూచోకూడదా?"

"మీదే బాబాయ్ అది" అన్నాడు పొడుగాయన. "దీని పేరు నాన్న రాయి. దారి వేసేటప్పుడు ఈ వెనకరాయి మేమిద్దరం దొర్లించుకొచ్చాం, ఒక పూట పట్టింది. 'మా నాన్న వచ్చినప్పుడు సరిగ్గా ఇక్కడికి మోకాలు పట్టేస్తుంది, ఆనుకోడానికి ఉండాలి' అన్నాడు."

"మేమంతా అదే పేరు వాడతాం తాతగారూ" అంది గార్డు పిల్ల. "మా రిజిస్టర్లో కూడా అదే. మొన్నే రాశాను, నాన్న రాయి దగ్గర ఎలుగుబంటి అడుగులు అని."

ఎలుగుబంటి కూడా కూచుంది. నేనే కూచోలేదు.

ఎంతసేపు కూచున్నానో తెలీదు. వాళ్ళు తొందరపెట్టలేదు. ఆ రాయి సరిగ్గా నా నడుము ఎత్తుకే ఉంది. కొలవకుండా కొలిచాడు వెధవ. తండ్రి కొలత తప్పిందిగానీ కొడుకు కొలత తప్పలేదు.

పైన గాలి! ఊళ్ళో అలాంటి గాలి లేదు. రాతిగది చిన్నదే, బాగుంది. గుమ్మం పైన వాడి పేరు. వేలితో ప్రతి అక్షరం లోతూ చూశాను. మంచి పనివాడే చెక్కాడు. గుమ్మం ముందు నుంచుంటే కింద ఊరంతా కనిపిస్తుంది. నీళ్ళ ట్యాంకు, దాని పక్క వీధి, వీధి చివర మెరిసే రేకుల కప్పు.

"అది నా కొట్టు!"

"వాడి బైనాక్యులర్సు ఎప్పుడూ దానిమీదే" అన్నాడు పొడుగాయన. అని నాలిక కరుచుకున్నాడు.

"ఏం చూసేవాడు? చెప్పు ఫర్లేదు."

"ప్రతి ఆదివారం చూసి నవ్వేవాడు బాబాయ్. 'తలుపులు మూసే ఉన్నాయిరా. మా నాన్న తెగ పనిలో ఉన్నాడు' అనేవాడు."

తెలుసు వాడికి. తెలిసీ మళ్ళీ శనివారం వ్యాను ఆపేవాడు.

ముప్ఫై మంది దాకా వచ్చారు. నన్ను మాట్లాడమన్నారు. రాసుకున్న కాగితం ఇంట్లోనే చించేశాను. గొంతు సవరించుకున్నాను, మా ఆవిడ అన్నట్టే చాలాసేపు. తర్వాత ఇలా అన్నాను.

"నేను బూట్లు కుట్టేవాణ్ణి. నా కొడుకు కాలికి తప్పు కొలత కుట్టాను. సైన్యానికి వెళ్ళిన కుర్రాడి కాలికి కుట్టాను, తిరిగొచ్చినవాడి కాలు చూడలేదు. వాడు పదకొండేళ్ళు వాటితోనే ఈ కొండంతా నడిచాడు, నాకు చెప్పలేదు. కాలితో పుట్టినట్టున్నాయన్నాడు. ఇవి సరైన కొలత."

కొత్త జత తీసి గట్టుమీద పెట్టాను. ఎడమది కొంచెం ముందుకి, నడవబోతున్నట్టు.

గార్డు పిల్ల నా చెవి దగ్గర మెల్లగా అంది. "నడిచి నలిగినవి తెస్తారనుకున్నాం తాతగారూ."

"నలిగినవి నా కాళ్ళకున్నాయమ్మా" అన్నాను.

పొడుగాయన ఆ ఎడమ బూటు ముందుభాగం పట్టి నొక్కి చూశాడు. అంత మనిషీ గోడవైపు తిరిగి నుంచున్నాడు. లోపలికొచ్చేటప్పుడు నుదురు కొట్టుకున్నాడని అందరూ అనుకున్నారు.

దిగేటప్పుడు నొప్పెట్టింది. నా వేళ్ళు అయిదూ ఉన్నాయి, బూటు నా సైజే, అయినా ఎడమ చిటికెనవేలి పక్కన బొబ్బ లేచింది. అక్కడి తోలు ఇన్నేళ్ళూ కాలు తగలక కరుడుగట్టిపోయి ఉంది. ప్రతి అడుగుకీ గుచ్చుకుంది. ఆగమన్నా ఆగలేదు నేను. ఇంత సంతోషం ఈమధ్య ఎరగను.

ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. నా నడక చూసింది.

"ఎలా ఉన్నాయండీ బూట్లు?"

"కాలితో పుట్టినట్టున్నాయి" అన్నాను.

"మీరూ మొదలెట్టారా?" అంది. లోపలికెళ్ళి వేడినీళ్ళు తెచ్చింది. "ముందు ఆ సాక్సు విప్పండి."

విప్పాను.

ఫిబ్రవరి 26, సోమవారం

కొట్టు తెరిచాను. బొబ్బ సలుపుతోంది. వారంలో మానిపోతుంది.

వచ్చే ఆదివారం నాకు పనేమీ లేదురా. వస్తున్నాను.